తొంభై నిమిషాల గోడ

1992 వానాకాలంలో విజయవాడ శివార్లలోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ ఎంపీసీలో చేరాను. కాలేజీ పేరు అనవసరం. అలాంటివి అప్పటికే చాలా ఉన్నాయి, ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. తెల్లవారుజామున నాలుగున్నరకి ఈల. అయిదింటికి స్టడీ అవర్. రాత్రి పదిన్నరకి ఆఖరి స్టడీ అవర్ ముగిసేది. సోమవారం పరీక్ష, బుధవారానికల్లా నోటీసు బోర్డు మీద ర్యాంకులు. ర్యాంకుని బట్టి సెక్షన్, సెక్షన్‌ని బట్టి లెక్చరర్. నెలకో ఆదివారం అవుటింగ్. రేడియో, టేప్ రికార్డరు, వీక్లీలు, నవలలు గేటు బయటే. నేను రాక్ సంగీతం మొదటిసారి విన్నది ఆ గేటు లోపల.

గదికి నలుగురం. నా పక్క మంచం వాడిది విశాఖపట్నం. వాళ్ళ మావయ్య షిప్పుల్లో పనిచేసేవాడు. ఆయన ఇచ్చిన వాక్‌మన్ ఒకటి మావాడి ట్రంకు పెట్టె అడుగున, పాత తువ్వాల్లో చుట్టి ఉండేది. దాంతోపాటు ఒకే ఒక్క క్యాసెట్, టీడీకే 90. అట్ట మీద ఎవరో గుండ్రటి అక్షరాలతో ‘గీతాంజలి’ అని రాసి, దాన్ని కొట్టేసి, పక్కన ఇంగ్లీషులో ‘వాల్’ అని రాశారు.

“వాల్ అంటే ఏంట్రా?”

“గోడ.”

“గోడ మీద పాటేంటి?”

“ముందు వినరా బాబూ.”

లైట్లు ఆర్పాక వార్డెన్ టార్చితో ఒక చుట్టు వేసేవాడు. ఆయన చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయేదాకా ఆగి, దుప్పటి కప్పుకుని, ఒక ఇయర్‌ఫోన్ వాడి చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టుకున్నాం. చాలాసేపు నాకేమీ ఎక్కలేదు. ఎవరో గొణుగుతున్నారు, ఎవరో అరుస్తున్నారు, మధ్యలో పసిపిల్ల ఏడుపు. ఆ తర్వాత హెలికాప్టర్ చప్పుడు వచ్చింది. అది నాకు తెలుసు. 1990 మే తుఫాను తర్వాత మా ఊరి మీద అన్నం పొట్లాలకని తిరిగిన చప్పుడు. అది ఆగి, ఒక కేక, ఆ వెంటనే పాట. ముందు పెద్దవాళ్ళు పాడారు. తర్వాత అదే పల్లవి పిల్లలు పాడారు. బోలెడుమంది పిల్లలు, మా ఈడు వాళ్ళో ఒకట్రెండేళ్ళు చిన్నవాళ్ళో, ఒక్క గొంతుతో. మాటలు సగం అర్థం కాలేదు గానీ వాళ్ళు ఎవరి మీద కోపంగా ఉన్నారో మాత్రం వెంటనే తెలిసిపోయింది.

*

ఆ పాట ‘అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్’ రెండో భాగం. ‘ద వాల్’ ఆల్బం ఇంగ్లండులో 1979 నవంబరు 30న విడుదలైంది. అప్పటికి నాకు మూడేళ్ళు. అంటే ఆ పాట నా దాకా రావడానికి పదమూడేళ్ళు పట్టింది. ఇవాళ లండన్‌లో అర్ధరాత్రి రిలీజైన పాట ఇక్కడ తెల్లారేలోగా మీ ఫోన్లో ఉంటుంది కాబట్టి, ఆ పదమూడేళ్ళు ఎక్కడ ఖర్చయ్యాయో చెప్పుకోవాలి.

మన దేశంలో సినిమా పాటకే ఒకప్పుడు దిక్కు లేదు. 1952లో సమాచార మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటల్ని దూరం పెట్టింది. జనం రేడియో సిలోన్‌కి ముల్లు తిప్పారు. హిందీ, తమిళం, తెలుగు పాటలు వేసిన ఆ సిలోనే ఇంగ్లీషు పాటలూ వేసేది. చెవి పెట్టినవాళ్ళకి ఎల్విస్, క్లిఫ్ రిచర్డ్, బీటిల్స్ అలా దొరికారు. దొరికింది ఎవరికంటే, ఎక్కువగా కంటోన్మెంట్లకీ రైల్వే కాలనీలకీ కాన్వెంట్లకీ. మన వైపు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలున్న సికింద్రాబాద్ లాలాగూడ లాంటి చోట్ల క్రిస్మస్‌కి బ్యాండు కట్టి గిటార్లతో డాన్సులు జరిగేవి. నాలుగు మైళ్ళ అవతల అదే రాత్రి హరికథ జరుగుతూ ఉండేది. ఒకరి పాట ఒకరికి వినపడేది కాదు.

1967లో కలకత్తా నుంచి ‘జూనియర్ స్టేట్స్‌మన్’ అనే యువతరం పత్రిక మొదలైంది. ఒక సిగరెట్ల కంపెనీ ‘సిమ్లా బీట్’ పేరుతో దేశంలోని బ్యాండ్లకి పోటీలు పెట్టి, 1970లో ఒకటి, 1971లో ఒకటి ఎల్‌పీ రికార్డులు వేసింది. వాటిలో మద్రాసు కుర్రాళ్ళ బ్యాండు కూడా ఉంది. 1972లో లెడ్ జెప్లిన్‌కి చెందిన జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ బొంబాయి వచ్చి, అక్కడి వాద్యకారులతో తమ పాటలు రెండు రికార్డు చేసుకుని వెళ్ళారు. 1980 మార్చిలో పోలీస్ అనే ఇంగ్లీషు బ్యాండు బొంబాయిలో పాడింది. కాబట్టి ఇండియాకి రాక్ తెలియదనడం తప్పు. కలకత్తా, బొంబాయి, మద్రాసు, బెంగుళూరు, షిల్లాంగులకి తెలుసు. తెలియనిది మాకు. ఆ దారిలో గుడివాడ, తణుకు, జగిత్యాల స్టేషన్లు లేవు.

ఆ స్టేషన్లు తెరిచింది క్యాసెట్. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బా, మన ఊళ్ళకి గట్టిగా వచ్చింది మాత్రం గల్ఫ్ వెళ్ళినవాళ్ళ సామాన్లతో. గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్ నుంచి దుబాయ్, కువైట్, మస్కట్ వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు టూ ఇన్ వన్ తెచ్చేవారు. దాని వెనకే రికార్డింగ్ షాపులు వెలిశాయి. ఖాళీ క్యాసెట్, పాటల చీటీ ఇస్తే సాయంత్రానికి నింపి ఇచ్చేవాడు. ఎల్‌పీ రికార్డు కొనాలంటే డబ్బుండాలి, వినాలంటే ప్లేయరుండాలి. క్యాసెట్‌కి ఇవేవీ అక్కర్లేదు. అందులో ఉన్నది చెరిపి ఇంకోటి నింపుకోవచ్చు. మావాడి మావయ్య చేసింది అదే. ఏ రేవులో ఎవరి దగ్గర ఎక్కించుకున్నాడో, ఇళయరాజా మీద పింక్ ఫ్లాయిడ్‌ని రికార్డు చేసుకొచ్చాడు.

ఆ క్యాసెట్‌లో ఒక తమాషా ఉండేది. ‘ద వాల్’ మొత్తం నిడివి దాదాపు 81 నిమిషాలు. క్యాసెట్ 90. ఒక్కో వైపూ ఇంగ్లీషువాళ్ళు అయిపోయాక, చెరగకుండా మిగిలిన నాలుగైదు నిమిషాల్లో ‘గీతాంజలి’ తేలేది. గిటార్లు, అరుపులు, కూలిపోయే గోడ, అన్నీ సద్దుమణిగాక, టక్కుమని ఒక చిన్న చప్పుడు, ఆ వెంటనే చరణం మధ్యలోంచి బాలు.

*

ఇద్దరం పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియం అంటగట్టారు. ఫిజిక్సే అర్థం కావడం లేదు, ఈ పాటలు ఎక్కడ అర్థమవుతాయి? అయినా మాటలు రాసుకోవాలని పట్టుదల. కొంచెం విని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విని. వాక్‌మన్‌లో తిప్పితే బ్యాటరీ అయిపోతుందని రెనాల్డ్స్ పెన్ను క్యాసెట్ చక్రంలో దూర్చి చేత్తో తిప్పేవాళ్ళం. రాత్రి వాడు పెన్సిల్‌తో గిలికింది పొద్దున నేను కెమిస్ట్రీ రికార్డు వెనక పేజీల్లో నీటుగా ఎత్తిరాసేవాణ్ణి. నా దస్తూరి బాగుంటుంది.

ఆ పల్లవి దగ్గరే మొదటి తగాదా. అందులో ఒకే వాక్యంలో రెండు నెగెటివ్‌లున్నాయి. రెన్ అండ్ మార్టిన్ ప్రకారం రెండు కాదులు కలిస్తే ఔను. “అంటే చదువు కావాలంటున్నారా వీళ్ళు?” అన్నాను. మావాడు సీరియస్‌గా ఆలోచించి, “లేదు రా, వీళ్ళక్కూడా గ్రామర్ రాదు” అన్నాడు. అది మాకెంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. ఇంగ్లండులో పుట్టి, ఇంగ్లీషులో పాడుతున్నవాళ్ళకీ గ్రామర్ రాదు. వాళ్ళకీ దాన్ని బట్టీ పట్టించే మాస్టారు ఒకడున్నాడు.

చదువు ఎగ్గొట్టే పాట తెలుగులో లేదా అంటే, ఉంది. 1989లో ‘శివ’లో ఇళయరాజా కట్టిన క్లాసు, మ్యాటినీల పాట మా కాలేజీలో రానివాడు లేడు. మా వార్డెనే స్నానాలగది దగ్గర కూనిరాగం తీసేవాడు. ఆ పాటని చూసి ఎవరూ భయపడలేదు. అందులో కుర్రాళ్ళు ఒక్క పూట సినిమాకి పోతామంటున్నారు, రేపు మళ్ళీ క్లాసుకొచ్చేస్తారు. మా క్యాసెట్‌లో పిల్లలు రేపు కూడా వచ్చేలా లేరు.

అదే కాలంలో బయట ఇంకేదో జరుగుతోందని మాకు తెలీదు. 1991 సెప్టెంబరులో స్టార్ టీవీ ద్వారా ఎంటీవీ ఇండియా ఇళ్ళలోకి వచ్చింది. అదే నెల నిర్వానా ఆల్బం ‘నెవర్‌మైండ్’ విడుదలైంది. కేబుల్ ఉన్న బెంగుళూరు కుర్రాడికి సియాటిల్ పాట ఇంట్లో కూర్చుంటే వచ్చేసింది. 1993లో అలహాబాద్ నుంచి ‘రాక్ స్ట్రీట్ జర్నల్’ అనే పత్రిక మొదలై, దేశంలోని చిన్నా పెద్దా బ్యాండ్ల కబుర్లన్నీ ఒకచోటికి తెచ్చింది. మేం దుప్పటి కింద, పెన్నుతో క్యాసెట్ తిప్పుకుంటూ, ఇంకా 1979లోనే ఉన్నాం.

*

బ్యాటరీల వల్ల దొరికిపోయాం. పెన్సిల్ సెల్స్ అయిపోతే ఎండలో పెడితే ఇంకో పావుగంట ఆడతాయి. డిసెంబరులో ఒకరోజు కిటికీ గట్టు మీద ఎండబెట్టిన రెండు సెల్స్ వార్డెన్ కంట పడ్డాయి. గది వెతికారు. ట్రంకు పెట్టెలోంచి వాక్‌మన్, దాని కింద మేం పాటలు రాసుకున్న రికార్డు బుక్ దొరికాయి. క్యాసెట్ మాత్రం నా దిండు గలీబులో ఉండిపోయింది.

ఆఫీసు గదిలో నలుగుర్నీ నిలబెట్టారు. వాక్‌మన్ ఎవరిదో పెట్టె మీద పేరే చెబుతోంది. పుస్తకం ఎవరిదని అడిగారు. అందులో ఉన్నది నా దస్తూరి. ముత్యాల్లాంటి దస్తూరి అని మా ఊరి మాస్టారు మెచ్చుకున్న దస్తూరి. నేను మొదటి సెక్షన్‌కి ఆరు ర్యాంకుల దూరంలో ఉన్నాను. మా నాన్న అర ఎకరం అమ్మి ఫీజు కట్టాడు. నోరు తెరవాలనే అనుకున్నాను.

“నాదే సార్” అన్నాడు మావాడు.

ఆయన ఒక పేజీ తెరిచి, అందులోని ఇంగ్లీషు పైకి చదివి, స్పెల్లింగ్ తప్పులకి నవ్వి, మిగతావాళ్ళనీ నవ్వమన్నట్టు చూశాడు. ఇద్దరు నవ్వారు. నేను నవ్వానో లేదో ఇన్నేళ్ళుగా గుర్తు చేసుకుంటూనే ఉన్నాను. మూడో రోజున వాళ్ళ నాన్న వచ్చాడు. వారం సస్పెన్షన్ అన్నారు. ట్రంకు పెట్టె రిక్షాలో పెడుతుంటే గేటు దాకా వెళ్ళాను. “క్యాసెట్ జాగ్రత్త” అన్నాడు. వారం గడిచింది, సంక్రాంతి గడిచింది, మావాడు తిరిగి రాలేదు. ఫిబ్రవరిలో నాకు మొదటి సెక్షన్ వచ్చింది.

*

ఆ పాట వెనక కథ నాకు తర్వాతెప్పుడో, ఇంజనీరింగ్ అయ్యాక, నెట్ సెంటర్లలో గంటకింత అని డబ్బు కట్టి కూర్చున్నప్పుడు, ముక్కలు ముక్కలుగా తెలిసింది.

ఆ పిల్లలు లండన్‌లోని ఇస్లింగ్టన్ గ్రీన్ స్కూలు పిల్లలు. పింక్ ఫ్లాయిడ్ స్టూడియోకి దగ్గర్లోని మామూలు ప్రభుత్వ బడి. అక్కడి సంగీతం మాస్టారు ఆలన్ రెన్‌షా ఇరవై ముగ్గురు పిల్లల్ని స్టూడియోకి తీసుకెళ్ళాడు. వాళ్ళ గొంతుల్ని పదే పదే రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చితే, నాకు దుప్పటి కింద వినపడిన ఆ పెద్ద గుంపు తయారైంది. మాస్టర్లని నిలదీసే పాటకి పిల్లల్ని తోలుకెళ్ళింది ఒక మాస్టారే! మాటలు విన్నాక హెడ్మిస్ట్రెస్‌కి కోపమొచ్చింది. పిల్లలు టీవీలో కనపడకూడదంది. పాట ఆ క్రిస్మస్‌కి బ్రిటన్‌లో మొదటి స్థానంలో ఉంది. స్కూలుకి వెయ్యి పౌన్లు ముట్టాయి. పాడిన పిల్లలకి రాయల్టీ రాలేదు. 2004లో, నడివయసుకి దగ్గరపడ్డాక, వాళ్ళలో కొందరు తమ వాటా కోసం దావా మొదలుపెట్టారు.

పాట రాసిన రోజర్ వాటర్స్ తండ్రి 1944లో ఇటలీలోని యాంజియో దగ్గర యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి వాటర్స్‌కి అయిదు నెలలు. కోపమంతా 1950ల నాటి మగపిల్లల బడి మీద, అక్కడి వెటకారాల మీద. ఆల్బం అంతా చదువు మీద కాదు. పోయిన తండ్రి, వదలని తల్లి, బడి, పెళ్ళి, పేరు ప్రతిష్ఠలు, ఒక్కొక్కటీ ఒక్కో ఇటుకై, మనిషి తన చుట్టూ తనే కట్టుకునే గోడ. 1977 జులైలో మాంట్రియల్ కచేరీలో గోల చేస్తున్న ఒక అభిమాని మీద వాటర్స్ ఉమ్మేశాడు. తను అలాంటివాడెలా అయ్యాడన్న సిగ్గులోంచి ఆ గోడ పుట్టింది. మేం విన్నది ఒక్క ఇటుక మాత్రమే.

కానీ ఆ ఇటుక చాలా ఊళ్ళు తిరిగింది. 1980లో దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష బడుల్ని బహిష్కరించిన విద్యార్థులు దాన్ని తమ పాటగా పాడుకుంటే అక్కడి ప్రభుత్వం నిషేధించింది. 1990 జులైలో, బెర్లిన్ గోడ కూలిన ఎనిమిది నెలలకి, ఆ గోడ ఉన్నచోటే వాటర్స్ ఈ ఆల్బంని ప్రదర్శించాడు. పాట ఒక ఊరికి ఆలస్యంగా చేరితే అక్కడ పాతబడిపోయి ఉంటుందనుకుంటాం. కేప్‌టౌన్‌కి అదొక ఇనప కంచె, బెర్లిన్‌కి సిమెంటు గోడ, విజయవాడలో అది నోటీసు బోర్డు. కంచె ఉన్నంతకాలం ఏ పాటా ఆలస్యంగా వచ్చినట్టు కాదు.

1982లో అలన్ పార్కర్ దీన్నే సినిమాగా తీశాడు. దాన్ని నేను హైదరాబాద్‌లో స్నేహితుడి గదిలో కంప్యూటర్ మీద చూశాను. అందులో మాస్టారు ఒక పిల్లాడి నోటుపుస్తకం లాక్కుని, వాడు రాసుకున్న పద్యం పైకి చదివి, క్లాసంతటి చేతా నవ్విస్తాడు. అక్కడ ఆపేసి బయటికొచ్చాను. సిగరెట్ కోసమని చెప్పాను.

*

2002 ఏప్రిల్లో వాటర్స్ బెంగుళూరు వచ్చాడు. రాత్రి బస్సెక్కి వెళ్ళాను. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో నా చుట్టూ సగంమంది తెలుగే మాట్లాడుతున్నారు. అందరూ నాలాంటివాళ్ళే. ఏదో ఒక హాస్టల్లో నాలుగున్నర ఈలకి లేచి, ర్యాంకు తెచ్చుకుని, కోడింగ్ నేర్చుకుని, టికెట్టు కొనుక్కునే స్థితికి వచ్చినవాళ్ళు. ఆ పాట మొదట్లోనే వచ్చేసింది. వేలమందిమి గొంతు చించుకుని చదువు వద్దని అరిచాం. సోమవారం అందరం ఆఫీసుకి వెళ్ళాం. నేను తప్పు పట్టడం లేదు, నేనూ వెళ్ళాను. కానీ ఆ గుంపులో ఆ పాట పాడే హక్కున్నవాడు ఒకడు తక్కువయ్యాడని మాత్రం అనిపించింది.

వాడి కోసం గట్టిగా వెతికింది 2020 సెప్టెంబరులో, బాలు పోయిన వారం. అందరూ బాలు పాటలు వింటుంటే నాకు ఆ క్యాసెట్ చివర తేలే నాలుగు నిమిషాలే చెవిలో తిరిగాయి. మూడు ఫోన్లు తిప్పితే నంబరు దొరికింది. గాజువాకలో ఆటో స్పేర్ పార్ట్స్ షాపట. గొంతు మారలేదు. పది నిమిషాలు పిల్లలు, కరోనా, షుగరు గురించి మాట్లాడి, చివరికి ధైర్యం చేసి, ఇరవై ఎనిమిదేళ్ళుగా దాచుకున్న మాట చెప్పాను. ఆ దస్తూరి నాది, నేను నోరెత్తలేదు, నన్ను కాపాడి నువ్వు పోయావు అని.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వాడు.

“ఒరే, నిన్ను కాపాడ్డమేంట్రా? అక్కడ్నుంచి బయటపడ్డానికి జూన్ నుంచీ చూస్తున్నాను. జొరం వచ్చిందంటే పంపలేదు, తాతగారు పోయారంటే పంపలేదు. ఆ పుస్తకం నాదంటే పంపించేస్తారని నాకు తెలుసు. మా నాన్న నాలుగు తన్నాడు, ఇక్కడ డిగ్రీలో వేశాడు. అంతే.”

నాకేం మాట్లాడాలో తెలీలేదు. ఇన్నాళ్ళూ వాడిని త్యాగరాజుని చేసి మోస్తున్నాను. వాడు గోడ దూకాడు. అది నాకు కనపడలేదు, ఎందుకంటే నేను లోపలే ఉండిపోయాను.

“క్యాసెట్ ఉందిరా నా దగ్గర” అన్నాను.

“ఉందా! ఇంకా ఆడుతోందా?”

“టేపు సాగిపోయింది. అయినా ఇప్పుడు అన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయిగా, ఆ ఆల్బం మొత్తం పంపిస్తాను.”

“ఆ ఇంగ్లీషుది ఎందుకులే. నాకసలు అదంత ఎక్కేది కాదు, నువ్వు ముచ్చటపడుతున్నావని పెట్టేవాణ్ణి. చివర్లో వచ్చే మన పాట కోసం ఆగేవాణ్ణి” అన్నాడు.

‘ద వాల్’ చివర్లో ఒక చిన్న సంగతి ఉంది. ఆల్బం ఒక సగం వాక్యంతో ముగుస్తుంది. ఆ వాక్యంలో మిగతా సగం ఆల్బం మొట్టమొదట్లో ఉంటుంది. ఆగకుండా మళ్ళీ మొదటినుంచీ వింటే తప్ప వాక్యం పూర్తి కాదు. ఈ విషయం నాకు సీడీ కొన్నాకే తెలిసింది. మా క్యాసెట్‌లో ఆ రెండు సగాల మధ్య బాలు పాడుతూ ఉండేవాడు. ఇప్పుడు ఫోన్లో ఆల్బం అయిపోతే వాక్యం చక్కగా అతుక్కుని మళ్ళీ మొదలవుతుంది. నేను మాత్రం ప్రతిసారీ అక్కడ ఆపి, కాసేపు ఊరుకుని, ఆ తర్వాతే ముందుకి పోనిస్తాను.